వెనక్కి తీసుకున్న సంతకం

రెండువేల పదిహేడు, అక్టోబరు పన్నెండు, గురువారం. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. వరండా స్తంభానికి బిగించిన ఉష్ణమాపకం ఎనభై ఒకటి ఫారెన్‌హీట్ దగ్గర ఉంది. నైరుతి గాలి పలచగా వీస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పంతొమ్మిది రోజులుగా కెండ్రిక్ కౌంటీలో చినుకు పడలేదు. రోడ్డవతల పొలంలో పత్తి ఏరే యంత్రం లేపిన ఎర్రదుమ్ము నా ఇంటి మెట్ల దాకా వచ్చి, అక్కడితో తృప్తిపడి ఆగిపోతోంది.

అప్పటికి పరిస్థితి ఇదీ. మార్లో ఊరి గ్రంథాలయానికి సెనెటర్ లీలాండ్ ప్రూయెట్ పేరు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది తేల్చడానికి కౌంటీవారు అయిదుగురితో ఒక సంఘం వేశారు. ఇద్దరు ఉంచాలన్నారు, ఇద్దరు తీసెయ్యాలన్నారు. అయిదో ఓటు నాది. సోమవారం సాయంత్రం ఆరింటికి నేను నా నివేదిక సమర్పించి ఆ ఓటు వెయ్యాలి. సెనెటర్ కాగితాలు రాష్ట్ర పత్రాలయంలో ఇరవై పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి, ఒక్క పద్నాలుగో పెట్టె తప్ప. అది ఎన్నడూ అక్కడికి చేరలేదని కిందటి వారం తెలుసుకుని, ఆయన కూతురు జార్జీన్ ప్రూయెట్‌కు ఉత్తరం రాశాను. ఆమె జవాబు రాయలేదు. ఫోను చేసి, "గురువారం వస్తున్నా, ఇంట్లోనే ఉండు" అని పెట్టేసింది.

ఆ పెట్టె కోసం నేనెందుకు అంత పట్టుబట్టానో ఇక్కడ చెప్పక తప్పదు.

ప్రూయెట్ ఇరవై రెండేళ్లు రాష్ట్ర శాసనసభలో మా కౌంటీ ప్రతినిధి. పల్లెలకు కరెంటు తీగలు తెచ్చింది ఆయన. నర్సుల శిక్షణ బడి పెట్టించింది ఆయన. పందొమ్మిది వందల యాభై రెండులో ఆ గ్రంథాలయం కట్టించిందీ ఆయనే. మొదటి పదమూడేళ్లు అందులో నాబోటి నల్లవాళ్లకు ప్రవేశం లేదు. యాభై అయిదు వేసవిలో, మా పిల్లలనూ తెల్లపిల్లలనూ ఒకే బడిలో కూర్చోబెట్టండని ఇరవై తొమ్మిది మంది నల్లవాళ్లు అర్జీ పెట్టుకుంటే, వాళ్ల పేర్లనూ చిరునామాలనూ ఊరి వారపత్రికలో అచ్చువేయించింది కూడా ఆయనే. పేరు అచ్చయిన మనిషికి మర్నాటి నుంచి పని ఉండదు, అద్దె ఇల్లు ఉండదు. పేరు చెరుపుకోవాలంటే ఒకటే దారి. "నా సంతకాన్ని ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను" అని నోటరీ ఎదుట ప్రమాణం చేసి, అదే పత్రికలో మరో ప్రకటన వేయించుకోవాలి. ఆగస్టు నెలంతా గురువారం గురువారం ఆ ప్రకటనలు పడుతూ వచ్చాయి. సెప్టెంబరు ఎనిమిదో తేదీ సంచికతో ఆ పని పూర్తయింది. ఇరవై తొమ్మిది సంతకాలూ వెనక్కి వచ్చాయి. చివరి వారం పేర్లలో మా అమ్మ పేరు ఉంది.

ఆ అర్జీ పట్టుకుని గడప గడపకూ తిరిగి సంతకాలు అడిగింది మా అమ్మే. ఆమె మాట మీద సంతకం పెట్టినవాళ్లలో చాలామంది పనులు పోగొట్టుకున్నారు. నల్లపిల్లల బడిలో ఆమె టీచరు ఉద్యోగం మాత్రం పోలేదు. దీనికి జనం ఏ అర్థం చెప్పుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఏటా ఆగస్టులో మౌంట్ నీబో చర్చి ఆవరణలో ఎవరి ఇంటి వంట వాళ్లు తెచ్చి పొడవాటి బల్లల మీద పెట్టి, అందరూ కలిసి తింటారు. ఆ తరువాతి ఆగస్టు నుంచి అమ్మ తెచ్చిన కోడి పులుసు గిన్నెలో ఎవరూ గరిటె ముంచలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మూత తీసిన గిన్నె తీసినట్టే ఉండేది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చేది నేను. పదిహేడో ఏట, అట్లాంటాకు కాలేజీ చదువుకి బయలుదేరే ముందు, ఒకే ఒక్కసారి అడిగాను: "ఎందుకు వెనక్కి తీసుకున్నావమ్మా?"

"నీ చలికోటు పెట్టెలో పెట్టుకున్నావా?" అంది అమ్మ.

ఆ జవాబును నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. అమ్మ ఎనభై ఎనిమిదిలో పోయింది. ఆమెను ప్రేమించాను, గౌరవించాను. ఆ ఒక్క విషయంలో మాత్రం లోలోపల తక్కువ చేసి చూశాను. చరిత్ర చదివినదాన్ని గనుక ఆ మాట దాచను. అమ్మ నిజంగా వెనక్కి తగ్గిందా, లేదా? పద్నాలుగో పెట్టెలో నాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

"అత్తా, ఆ నీలం కారు ఆవిడదే," అంది వాండా, వరండా గోడ మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. వాండా మా తమ్ముడి కూతురు, కౌంటీ ఆసుపత్రిలో నర్సు, గురువారాలు సెలవు. "డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఇంకా రోడ్డు మధ్యనే నడుపుతుంది. వాళ్ల నాన్న వేయించిన రోడ్డు కదా, రెండు పక్కలూ తనవే అనుకుంటోంది."

"నోరు మూసుకుని ఇంకో కుర్చీ వెయ్యి."

"కుర్చీ వేస్తా. నోటి సంగతి మాత్రం హామీ ఇవ్వలేను."

జార్జీన్ ఒక చేత్తో పై అనే తీపి పిండివంట గిన్నె, మరో చంకలో బూడిదరంగు అట్టపెట్టె పెట్టుకుని మెట్లెక్కింది. చెయ్యి అందించబోతే వద్దంది. పైకి వచ్చి ఆయాసపడుతూ నిలబడింది.

"నాలుగే మెట్లన్నావు ఫోనులో. అయిదున్నాయి."

"నాలుగే. అయిదోది వరండా."

"నీతో వాదించి ఎవడు గెలిచాడు గనక! ఇదిగో, నిమ్మకాయ పై. లంచం కాదు, ముందే చెబుతున్నా."

"ఒక్క పై ముక్కకి మా అత్త ఓటు రాదులెండి మిస్ జార్జీన్," అంది వాండా. "పక్కన పొగబెట్టిన పందితొడ కూడా ఉండాలి."

"ఈ పిల్ల నోరు ఎవరిదే, వెర్నెల్?"

"మా అమ్మది," అన్నాను.

ఆమె నన్ను పేరుపెట్టి పిలుస్తుంది, నేనూ ఆమెను పేరుపెట్టే పిలుస్తాను. నేను అట్లాంటాలో ఉద్యోగ విరమణ చేసి తిరిగొచ్చిన ఏడాది, పోస్టాఫీసులో ఆమె "ఏం వెర్నెల్" అంటే, నేను "ఏం జార్జీన్" అన్నాను. నల్లవాళ్లు తెల్లవాళ్లను పేరుపెట్టి పిలవడం ఎన్నడూ వినని కౌంటరు వెనకాయన చేతిలోంచి తపాలా బిళ్లలు కింద పడిపోయాయి. జార్జీన్ ఒక క్షణం నన్ను చూసి, వాతావరణం గురించి మాట్లాడింది. ఆ ఒప్పందం పదేళ్లుగా చెక్కుచెదరకుండా అమల్లో ఉంది.

పై కోసుకున్నాం. చల్లటి తీపి టీ పోసుకున్నాం. పెట్టె మా ఇద్దరి మధ్య చిన్నబల్ల మీద ఉంది. మూత మీద నీలి పెన్సిలుతో పద్నాలుగు అంకె. జార్జీన్ అరచెయ్యి ఆ అంకె మీదే ఉంచింది. నాకు తొందర లేదు. మంచి పై, మంచి గాలి, అరవై రెండేళ్లుగా ఎదురుచూసిన జవాబున్న పెట్టె బారెడు దూరంలో; ఇంతకంటే హాయిగా నేను కూర్చున్న మధ్యాహ్నాలు తక్కువ.

"ఆ గ్రంథాలయం నాన్న కట్టించాడు," అంది చివరికి.

"కట్టించాడు. నా నివేదికలో మొదటి వాక్యం అదే."

"రెండోది?"

"మొదటి పదమూడేళ్లు ఎవరిని రానివ్వలేదో."

"ఆయన ఆ కాలం మనిషి, వెర్నెల్. అప్పుడందరూ అలాగే ఉండేవాళ్లు."

"మా అమ్మ కూడా ఆ కాలం మనిషే, జార్జీన్. ఇద్దరూ పందొమ్మిది వందల పదకొండులోనే పుట్టారు. ఆ ఇరవై తొమ్మిది మందీ ఆ కాలం వాళ్లే. తప్పు కాలానిదే అయితే అందరికీ సమానంగా అంటుకోవాలి కదా?"

"తీగ వేయించాడు. మీ ఇంటికీ వేయించాడు."

"మా ఇంటికి వేయించాడు, నిజమే. మీ తీగ పడిన తొమ్మిదేళ్లకు. అదీ రాశాను. తీగ వేసినందుకు రెండు పేజీలు ఇచ్చాను, తొమ్మిదేళ్లకు ఒక పేరా ఇచ్చాను. ఆయనకు నేను అన్యాయం చెయ్యను."

"నువ్వు చెయ్యవని తెలుసు," అంది జార్జీన్. "అందుకే ఇది తెచ్చాను. మిగతా వాళ్లకు చూపిస్తే చదవనైనా చదవరు. వాళ్ల ఓటు ముందే అయిపోయింది. నువ్వు చదువుతావు. నాన్న మీ వాళ్లకు చేసిన మంచి ఒకటి ఇందులో ఉంది. మీ అమ్మకు చేసిన మంచి."

వాండా చేతిలో కాయ పొట్టుతో సహా ఆగిపోయింది.

జార్జీన్ మూత తీసింది. సెనెటర్ కాగితాలు పేర్చే పద్ధతి నాకు మిగతా పెట్టెల వల్ల తెలుసు: తేదీల వరుసలో, పాతది కింద, కొత్తది పైన. ఆమె ముందే గుర్తు పెట్టుకున్నట్టుంది. కాగితాల మధ్య నుంచి ఒక రిబ్బను బయటికి వేలాడుతోంది. అక్కడ తెరిచి, పలచని ఒక కార్బన్ కాపీని రెండు చేతులతో తీసి నాకు అందించింది. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది. చీటీ మీద సెనెటర్ చేతిరాత: "బడిలో ఈమెను కదిలించవద్దు."

"చూశావా?" అంది జార్జీన్. గొంతులో నిజమైన సంతోషం ఉంది. "అందరి పనులూ పోతుంటే మీ అమ్మ పని నిలబెట్టింది నాన్న. బడి బోర్డుకి ఆయన చెప్పబట్టే ఆవిడ అన్నేళ్లు పాఠాలు చెప్పుకోగలిగింది. ఆ జీతంతోనే నువ్వు చదువుకున్నావు. ఇది కూడా రాయి నీ నివేదికలో."

నేను ముందు కార్బన్ కాపీ చదివాను. అది అమ్మ ప్రకటన. పత్రికలో ఎన్నోసార్లు చదివినదే, కంఠతా వచ్చినదే. ఆ వాక్యాలకు మూలమైన కాగితం చూడడం మాత్రం అదే మొదటిసారి. "కెండ్రిక్ కౌంటీ నివాసిని, ఎస్టెల్ సిమ్స్ అను నేను..."

అక్కడే ఆగాను.

మా అమ్మ తన మొదటి పేరు తెల్లవాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే తపాలా బంట్రోతు నుంచి వాళ్లింటి పాలుతాగే పసివాడి దాకా అదే పేరుతో పిలుస్తారు. మిసెస్ అన్న మాట నల్ల ఆడవాళ్లకు పెట్టే అలవాటు అప్పట్లో మా ఊళ్లో లేదు. అందుకే ఆమె బడి రిజిస్టరులో, బ్యాంకులో, అర్జీ మీద కూడా ఇ. ఎం. సిమ్స్. మా అమ్మలాంటి ఆడవాళ్లందరూ అక్షరాల వెనక అలాగే పేరు దాచుకునేవాళ్లు. పత్రికలో ఎస్టెల్ అని పడిందంటే, ఆ పత్రికవాళ్ల అహంకారం ఎక్కణ్నుంచో తవ్వి తెచ్చి వేసిందనుకుంటూ వచ్చాను. మూలంలోనే అలా ఉంది. అమ్మ చెప్పి రాయించిన కాగితంలో అలా ఉండదు.

"ఇది ఎవరు టైపు చేశారు, జార్జీన్?"

"నేనే," అంది, కాస్త గర్వంగానే. "ఆ వేసవిలోనే టైపు నేర్చుకున్నాను. నాన్న గుమాస్తా మిస్టర్ ఆడమ్ ఆ రోజు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"ఎందుకంటే... సెలవు కదా. పిక్నిక్కి వెళ్లి ఉంటాడు."

కాగితం అడుగున చూశాను. నోటరీ ముద్ర పక్కన తేదీ ఉంది. పత్రికలో అచ్చయినప్పుడు ఆ తేదీ వెయ్యలేదు, అందుకే నాకు ఇన్నేళ్లూ అది తెలియలేదు. పందొమ్మిది వందల యాభై అయిదు, సెప్టెంబరు అయిదు. ఆ ఏడాది సెప్టెంబరు మొదటి సోమవారం. లేబర్ డే సెలవు.

నా గుండె వేగంగా కొట్టుకుందని రాస్తే అబద్ధమవుతుంది. నిజానికి అది నెమ్మదించింది. ఎన్నో ఏళ్లు వెతికిన తేదీ దొరికినప్పుడు నాకు ఎప్పుడూ అలాగే అవుతుంది.

"మా అమ్మ మీ నాన్న ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టిందా?"

"వచ్చే ఉంటుంది."

"నువ్వు చూశావా?"

"అరవై ఏళ్లయింది, వెర్నెల్. భయపడి వచ్చి బతిమాలుకుందని నాన్న చెప్పాడు. పిల్లలున్న తల్లి, అందులో తప్పేముంది? నేనైతే నా జన్మలో దాన్ని తప్పనను."

"నోటరీ ఏం రాశాడో చదువు. నీ అద్దాలు మెడలోనే ఉన్నాయి."

ఆమె చదివింది: "ఈ దినమున నా సమక్షములో స్వయముగా హాజరై..."

"ఆ దినాన మా అమ్మ సవానాలో ఉంది," అన్నాను. "శనివారం పొద్దున బస్సెక్కి మా అయోన్ పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. మంగళవారం సాయంత్రం తిరిగొచ్చాం. సోమవారం మధ్యాహ్నం పెద్దమ్మ పీతలు ఉడకబెట్టింది. ఎలా విరవాలో తెలీక పెంకుతో పెదవి కోసుకున్నాను. అమ్మ తన రుమాలు అద్ది, పక్కనే కూర్చుని, మిగతావన్నీ తానే విరిచి పెట్టింది. ఇదిగో, మచ్చ ఇంకా ఉంది. నూట యాభై మైళ్ల దూరంలో పీతలు విరుస్తున్న మనిషి మార్లోలో ప్రమాణం ఎలా చేస్తుంది?"

యంత్రం పొలం చివర మలుపు తిరిగింది. దాని చప్పుడు కాస్త తగ్గింది. వాండా మెల్లగా గోడ దిగి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

జార్జీన్ అద్దాలు తీసింది. తుడవలేదు, ఊరికే పట్టుకుంది.

"ఎడమచేత్తో," అంది.

"ఏమిటి?"

"నాన్న ఎడమచేత్తో పెట్టాడు ఆ సంతకం. తన రాతలా కనిపించకూడదని. వంకరటింకరగా వచ్చింది. నేను నవ్వాను, వెర్నెల్. పదహారేళ్లు నాకు. 'నాన్నా, ఒకటో తరగతి పిల్లాడిలా రాస్తున్నావు' అని నవ్వాను. ఆయన కూడా నవ్వి, 'ఈ టీచరమ్మను కాపాడుతున్నానే, తానై అడగడానికి ఆవిడకు అభిమానం అడ్డొస్తోంది' అన్నాడు. నేను నమ్మాను. ఆ రోజు నుంచి ఎవరు నాన్నను ఏమన్నా, నాలో నేను అనుకునేదాన్ని: మీకు తెలీదు, ఆయన ఒక టీచరమ్మను కాపాడాడు అని."

"బతిమాలుకుందని ఇప్పుడే కదా అన్నారు?" అంది వాండా.

"అన్నాను." జార్జీన్ తల ఎత్తలేదు. "ఆ మాట నేను కల్పించాను. అలా అయితే బాగుంటుందనిపించింది."

కాపాడడానికే అయి ఉండవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. నేనూ నన్ను అడిగాను. మనిషి మీద తీర్పు చెప్పే ముందు ఆ కాగితానికి ముందు ఏముందో చూడాలి. రిబ్బను పెట్టిన చోట, ఆ కాపీ కింద, పసుపుపచ్చని టెలిగ్రాం నకలు ఒకటి ఉంది. అది తియ్యడానికి జార్జీన్ వైపు చూశాను. ఆమె తల ఊపింది.

రాజధానిలోని ఒక మిత్రుడికి సెనెటర్ ఇచ్చిన టెలిగ్రాం. సెప్టెంబరు మూడు, శనివారం. "నా కౌంటీలో ఇరవై తొమ్మిది మందీ వెనక్కి తగ్గారు. ఒక్కడు మిగల్లేదు. మిగతా కౌంటీలకు చెప్పండి."

"ఇది చదివావా?"

"చదివాను. దీనికీ దానికీ సంబంధం ఉందనుకోలేదు."

"శనివారం నాటికి మా అమ్మ వెనక్కి తగ్గలేదు. తగ్గిందని ఆయన రాజధానికి చెప్పేశాడు. సోమవారం నాటికి ఆ మాట నిజం చెయ్యాలి. గుమాస్తా ఉంటే సాక్షి అవుతాడు. సెలవు రోజు గుమాస్తా ఉండడు, కూతురు ఉంటుంది. అలా నువ్వు టైపు చేశావు. ఇక ఆ చీటీ. సంతకం వెనక్కి తీసుకున్న మనిషిని పనిలోంచి తీసేస్తే జనం అనుమానిస్తారు. ఆమెను పనిలో ఉంచితేనే ప్రకటన నమ్ముతారు. ఆమె ఉద్యోగం నిలబెట్టింది ఆమె కోసం కాదు జార్జీన్, కాగితం కోసం."

"మరి మీ అమ్మ కాదని ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. ఎదురుదాడిగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అరవై రెండేళ్లలో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మొదటి మనిషి ఆమే. నేను అడగవలసిన తీరులో నేను అడగలేదు.

"ఎక్కడ చెబుతుంది? పత్రిక మీ నాన్న చిన్నాన్న కొడుకుది, అతను అమ్మ ఖండన అచ్చువెయ్యడు. కోర్టులో నోటరీ ముద్ర ఉంది, తెల్లవాడి ముద్రకు ఎదురు నల్లదాని మాట. చర్చిలో చెబితే ఒక వారంలో మీ నాన్న చెవిన పడుతుంది, బడి పోతుంది. ఆ బడిలో ఏడో తరగతికి ఇంకో టీచరు లేదు. ఇంట్లో చెబితే..." నా గ్లాసు బల్ల మీద పెట్టాను. "ఇంట్లో నాకు పన్నెండేళ్లు, నోరు ఆగేది కాదు. నోటి విషయంలో ఈ వాండాకి తాతమ్మను నేను."

"అది మాత్రం నిజం," అంది వాండా. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది, వేరుశనగ ఉప్పుతో సహా.

అమ్మ వెనక్కి తగ్గలేదు. ఈ వాక్యాన్ని నేను మనసులో ఒకసారి నిదానంగా చెప్పుకున్నాను. ఆమె చలికోటు సంగతి ఎందుకు అడిగిందో ఇప్పుడు తెలిసింది. నిజం చెబితే నేను రైలెక్కను, ఆ పత్రికవాడి గుమ్మం ఎక్కుతాను. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. మిగిలింది చలికోటు. నా మీద నాకు కోపం రావలసిన సమయం అది. వచ్చింది కూడా, తరువాతి రోజుల్లో, తీరిగ్గా. ఆ మధ్యాహ్నం మాత్రం నాలో నిండిన దానికి సంతోషం తప్ప ఇంకో పేరు పెట్టలేను. ఇంకో ముక్క పై పెట్టమన్నాను వాండాను.

"తినగలుగుతున్నావా?" అంది జార్జీన్, నిర్ఘాంతపోయి.

"మా అమ్మ గెలిచింది. ఎందుకు తినను?"

తండ్రి గురించి జార్జీన్ దాచుకున్న ఒకే ఒక్క మంచిమాట ఆమె చేతుల్లోనే విరిగింది. నా చేతిలోకి వచ్చింది ఆ విరిగిన ముక్కే. అది నాకు తెలుసు. ఆమెను ఓదార్చడం నా పని కాదు, గాయపరచడమూ కాదు. ఆమె గ్లాసులో టీ నింపాను.

అప్పుడు ఆమె కాగితాలు సర్ది, పెట్టె మూత వేసింది. వాండా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ పెట్టె ఇక్కడే ఉంటుంది, మిస్ జార్జీన్."

"పెట్టె ఆమెది, వాండా. తీసుకెళ్తే తీసుకెళ్లనియ్యి."

"అత్తా!"

"చట్టం ప్రకారం ఆమెది. ఒకరి కాగితం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడం ఎలా ఉంటుందో ఇప్పుడే కదా చూశాం."

జార్జీన్ పెట్టె ఎత్తలేదు. మూత మీద రెండు చేతులూ ఆనించి, ఆ చేతులనే చూస్తూ అంది:

"నువ్వు అడగలేదు వెర్నెల్, కానీ చెప్పకుండా ఈ మెట్లు దిగలేను. ఆ రోజు నేను టైపు చేసింది మీ అమ్మదొక్కటే కాదు."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"ఎన్ని?"

"తెలీదు. పొద్దున్న మొదలుపెట్టాను. భోజనానికి లేచి మళ్లీ కూర్చున్నాను. ఎండ కిటికీ గడప దాటి తివాచీ అవతలి అంచు దాకా వచ్చింది, ఇంకా కొడుతూనే ఉన్నాను. నాన్న జాబితా చదివేవాడు, నేను కొట్టేదాన్ని. అన్నింటికీ ఆయన ఎడమచెయ్యే."

"ఆ నకళ్లు?"

"ఈ పెట్టెలో లేవు. ఇందులో మీ అమ్మది ఒక్కటే ఉంది, ఆ చీటీ గుచ్చి ఉంది కనక దీంట్లో పడింది. మిగతావి ఉంటే ఆయన ఆఫీసు గదిలో ఉండాలి. మా ఇంట్లో, కింద. డెబ్బై తొమ్మిదిలో ఆయన పోయిన రోజు తాళం వేశాను, మళ్లీ తియ్యలేదు." అద్దాలు తిరిగి పెట్టుకుంది. "ఒక్కదాన్ని తియ్యలేను. నువ్వు రేపు వస్తావా?"

"సోమవారం ఓటులోపల అదంతా చదవలేం."

"ఓటు వాయిదా అడుగు. నేనే అడిగించానని చెప్పు. నాన్న తరఫు వాళ్లు నా మీద కళ్లెర్రజేస్తారు, చెయ్యనియ్యి."

"తొమ్మిదింటికి వస్తాను," అన్నాను. "వీధి గుమ్మం నుంచి వస్తాను, జార్జీన్. మా వాళ్లను రానిచ్చిన వెనక గుమ్మం నుంచి కాదు."

"దాన్ని నేనే ఇటుకలతో మూయించేశానే, ఎప్పుడో," అంది. పెట్టెను బల్ల మీదే వదిలి, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ వినపడేలా లెక్కపెడుతూ దిగింది. నాలుగు అంది.

గ్రంథాలయం పేరు మీద ఓటు ఆ సోమవారం జరగలేదు. రెండువేల పందొమ్మిది ఏప్రిల్లో జరిగింది. అప్పటికి ఆ ఇరవై తొమ్మిది మందిలో పదకొండుగురు తమ సంతకాన్ని ఏనాడూ వెనక్కి తీసుకోలేదని పత్రాలతో రుజువైంది. ఆ పదకొండుగురిలో ఆరుగురు, తాము తగ్గలేదని తమకు తెలిసీ, మా అమ్మ మాత్రం నిజంగానే తగ్గిందని ముప్ఫై ఏళ్లు మనసులో అనుకుంటూ, మౌంట్ నీబో చర్చిలో ప్రతి ఆదివారం ఆమె కూర్చున్న వరుసల్లోనే కూర్చున్నవాళ్లు.